రోడ్డు పక్క ఇంటికి దుమ్ము మీటరు: సెన్సర్ కమ్యూనిటీ కిట్ ఎంతవరకు పనికొస్తుంది?

మెయిన్ రోడ్డు మీదికి బాల్కనీ ఉంటే పొద్దున తుడిచిన గ్రిల్లు సాయంత్రానికి మళ్లీ నల్లబడుతుంది. ఆ దుమ్ము ఏ వేళలో ఎక్కువ, కిటికీ ఎప్పుడు మూయాలి అన్నది తెలియాలంటే ఊళ్లో ఎక్కడో ఉన్న ప్రభుత్వ స్టేషన్ లెక్క చాలదు. హైదరాబాద్‌లో సనత్‌నగర్, జూపార్క్, బొల్లారం వంటి చోట్ల ఉన్న కేంద్రాల అంకెలు నమ్మదగినవే. కానీ దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద రెండో అంతస్తు గాలి సంగతి అవి చెప్పలేవు. ఆ లోటు తీర్చడానికి ఎవరికి వారు బిగించుకునే కిట్లలో ఎక్కువ పేరున్నది సెన్సర్ కమ్యూనిటీ అనే ఔత్సాహికుల బృందం వాళ్లది. 2015లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో లుఫ్ట్‌డాటెన్ పేరుతో మొదలైంది. ఆ ఊళ్లోని నెకార్‌టోర్ కూడలి వాహనాల కాలుష్యానికి జర్మనీ అంతటా పేరుమోసింది. కాబట్టి పుట్టుకతోనే ఇది రోడ్డు పక్క మనుషుల కిట్.

తీర్పు ముందే చెప్పేస్తాం. ఏ గంటకు గాలి ఎలా మారిందో బాగా చెబుతుంది. కచ్చితమైన అంకె కావాలంటే తేమ లెక్క వేసుకోక తప్పదు. వాహనాల పొగలోని వాయువుల గురించి దీనికి ఏమీ తెలియదు. ఒక్కటే కొంటే ఊరి గాలి తెలుస్తుంది, రెండు కొంటేనే మీ రోడ్డు సంగతి తెలుస్తుంది.

కిట్‌లో ముఖ్యమైన సరుకు మూడే. దుమ్ము కొలిచే ఎస్‌డీఎస్ 011, వైఫై ఉన్న నోడ్‌ఎంసీయూ బోర్డు, తేమ–ఉష్ణోగ్రత చూసే బీఎంఈ 280. వీటికి తోడు జంపర్ వైర్లు, 20 సెంటీమీటర్ల గొట్టం, యూఎస్‌బీ చార్జరు, రెండు పీవీసీ ఎల్బోలు (వంపు పైపు ముక్కలు), నాలుగు కేబుల్ టైలు. ఖర్చులో పెద్ద వాటా ఎస్‌డీఎస్ 011దే. టంకం పని దాదాపు ఉండదు. ఎస్‌డీఎస్ పిన్నులకు మామూలు జంపర్ వైరు నేరుగా ఎక్కుతుంది. బీఎంఈకి పిన్నులు అతికించి అమ్మేది అడిగి తీసుకుంటే సరి.

కొనేటప్పుడు మోసపోయేది ఆ బీఎంఈ దగ్గరే. బీఎంపీ 280 అనే తమ్ముడు ఒకడున్నాడు. వాడికి పీడనం, ఉష్ణోగ్రత తెలుసు, తేమ తెలియదు. చాలాచోట్ల దాన్నే బీఎంఈ అని అంటగడతారు. బోర్డు మీది వెండి రంగు చిప్పు చదరంగా ఉంటే బీఎంఈ, కాస్త పొడుగ్గా ఉంటే బీఎంపీ. తేమ రీడింగు లేకపోతే ఈ కిట్ విలువ సగానికి పడిపోతుంది. ఎందుకో కింద వస్తుంది.

ఎస్‌డీఎస్ 011 లోపల ఒక చిన్న ఫ్యాను గాలిని లాగుతుంది, లేజరు కిరణం ఆ గాలిలోని రేణువుల మీద పడి చెదురుతుంది, ఆ చెదిరిన వెలుగును బట్టి ఘనపు మీటరుకు ఎన్ని మైక్రోగ్రాములో లెక్క కడుతుంది. అంటే ఇది దుమ్మును తూచదు, బరువును అంచనా వేస్తుంది. 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్న రేణువు దీని కంటికి ఆనదు. ఇంజిన్ నుంచి అప్పుడే బయటపడిన మసి రేణువుల్లో ఎక్కువ భాగం అంతకన్నా చిన్నవే. ఇక పీఎం 10 (10 మైక్రాన్ల లోపు రేణువులు) అని చూపించే అంకెలో చాలా భాగం చిన్న రేణువులను బట్టి ఊహించినదే. బస్సు ఎర్రటి దుమ్ము లేపి వెళ్లినా ఇది పెద్దగా ఉలిక్కిపడదు. పీఎం 2.5 (2.5 మైక్రాన్ల లోపు సన్న రేణువులు) అంకెనే చూడండి, పీఎం 10ను పక్కన పెట్టండి.

బిగింపు గంట పని. ఎస్‌డీఎస్ టీఎక్స్ పిన్ను బోర్డు మీది డీ1కు, ఆర్ఎక్స్ డీ2కు, గ్రౌండ్ గ్రౌండ్‌కు, 5 వోల్టుల పిన్ను వీయూ అని రాసి ఉన్న చోటికి. బీఎంఈ ఎస్‌డీఏ డీ3కు, ఎస్‌సీఎల్ డీ4కు, కరెంటు 3.3 వోల్టులకు. ఎస్‌డీఎస్‌కు పొరపాటున 3.3 వోల్టులు ఇస్తే ఫ్యాను సరిగ్గా తిరగదు, రీడింగులు నమ్మకూడనివిగా వస్తాయి. సన్నటి, పొడవాటి యూఎస్‌బీ కేబుల్ వాడినా ఇదే జబ్బు. చివరికి చేరేసరికి వోల్టేజీ పడిపోతుంది. దీనికి కనీసం 4.7 వోల్టులు కావాలి. కేబుల్ 2 మీటర్లు దాటనివ్వకండి.

ఎయిర్‌రోర్ అనే ఫర్మ్‌వేర్ (బోర్డును నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్కించి కరెంటు పెడితే బోర్డు తన పేరుతో ఒక వైఫై తెరుస్తుంది. ఫోన్‌తో దానికి కలిసి బ్రౌజర్‌లో 192.168.4.1 కొడితే సెట్టింగుల పేజీ వస్తుంది. ఇక్కడ ఎక్కువమంది ఆగిపోయేది ఒకే కారణానికి: ఈ బోర్డుకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే కనిపిస్తుంది. రౌటరు 5 గిగాహెర్ట్జ్‌లోనే ఉంటే ఎంత వెతికినా పేరు రాదు. తరువాత బోర్డు నంబరుతో, ఇంటి స్థానంతో సెన్సర్ కమ్యూనిటీ సైటులో నమోదు చేసుకుంటే రీడింగులు మ్యాపు మీదికి వెళతాయి. కరెంటు పోయి వస్తే దానంతటదే లేస్తుంది.

ఫర్మ్‌వేర్ రీడింగును 145 సెకన్లకోసారి పంపుతుంది, అంటే గంటకు సుమారు 25. మిగతా సమయంలో ఫ్యానునూ లేజరునూ నిద్రపుచ్చుతుంది. ఇది చాలా తెలివైన ఏర్పాటు. కంపెనీ లెక్క ప్రకారం లేజరు ఆయుష్షు 8,000 గంటలు. ఆపకుండా తిప్పితే ఏడాది కూడా నిండదు. ప్రతి 145లో 20 సెకన్లే తిరిగితే కాగితం మీద ఆరేళ్లు దాటుతుంది. మన దుమ్ములో అంతకాలం వస్తుందని ఆశ పెట్టుకోకండి. లేజరు కంటే ముందు ఫ్యాను మూలుగుతుంది.

ఇవన్నీ పెట్టే డబ్బా విషయంలో జర్మన్ల సూచనను ఉన్నదున్నట్టు పాటిస్తే ఇబ్బందే. వాళ్లు 75 మిల్లీమీటర్ల ఎల్బోలు రెండు కలిపి, మూతులు కిందికి చూసేలా వేలాడదీస్తారు. ఎస్‌డీఎస్ వెడల్పు 70, మందం 23 మిల్లీమీటర్లు. మూల నుంచి మూలకు దాదాపు 74. మన దగ్గర డ్రైనేజీకి వాడే 75 ఎంఎం పైపు లోపలి కొలత అంతకన్నా తక్కువ. బలవంతంగా తోస్తే సెన్సర్ అంచు విరుగుతుంది. ప్రతి శానిటరీ షాపులో దొరికే 110 ఎంఎం ఎల్బోలు తీసుకోండి, కాస్త బరువైనా హాయిగా పడుతుంది. గొట్టం లోపలి కొలత 6 మిల్లీమీటర్లు ఉండాలి. చేపల తొట్టికి వాడే గొట్టం చాలావాటికి లోపల 4 మాత్రమే, ఎక్కదు. వెలుతురు దూరని నల్లగొట్టమైతే మేలు. కింది మూతికి దోమతెర బిగించాలి. లేకపోతే సాలీడో, మట్టిగూడు కట్టే పురుగో కాపురం పెడుతుంది. అకస్మాత్తుగా రీడింగు 900 దాటి అక్కడే నిలబడిందంటే ముందు అనుమానించాల్సింది రోడ్డును కాదు, సాలెగూడునే. ఈ సెన్సర్ చూపగల గరిష్ఠం 999.9.

పెట్టే చోటు మనిషి ముక్కు ఎత్తుకు దగ్గరగా, నేల నుంచి 1.5 నుంచి 3 మీటర్ల లోపు ఉంటే మంచిది. అపార్ట్‌మెంటులో అది కుదరకపోతే మీరు పీల్చే అంతస్తులోనే పెట్టండి. వంటింటి ఎగ్జాస్టు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్, జనరేటరు గొట్టం, అగరొత్తులు వెలిగించే తులసికోట పక్కన మాత్రం వద్దు. పోపు వేసిన ఘాటును కూడా ఇది రోడ్డు ఖాతాలో రాసేస్తుంది.

ఇప్పుడు తేమ సంగతి. తేమ పెరిగితే ధూళి రేణువులు నీటిని పట్టి ఉబ్బుతాయి, లేజరుకు పెద్దవిగా కనిపిస్తాయి. అసలు దుమ్ము పెరగకుండానే అంకె పెరుగుతుంది. ప్రభుత్వ స్టేషన్లలోని యంత్రాలు గాలిని వేడిచేసి ఆరబెట్టి కొలుస్తాయి, దీనికి ఆ ఏర్పాటు లేదు. విజయవాడలోనో విశాఖలోనో వానాకాలం తెల్లవారుజామున కనిపించే భయంకరమైన అంకెల్లో చాలా భాగం నీరే. ఒక సాధారణ దిద్దుబాటు ఇది: తేమను భిన్నంగా రాసి (80 శాతమంటే 0.8), దాని వర్గాన్ని 1 నుంచి తేమ తీసివేసిన దానితో భాగించి, 0.25తో గుణించి, 1 కలపండి. వచ్చిన సంఖ్యతో రీడింగును భాగించండి. 50 శాతం దగ్గర భాజకం 1.13, 80 దగ్గర 1.8, 90 దగ్గర 3.03. అంటే 90 శాతం తేమలో సెన్సర్ 90 చూపిస్తే అసలు సుమారు 30. 95 దాటిన గంటలను లెక్కలోంచి తీసేయడమే నయం. బీఎంఈని నోడ్‌ఎంసీయూకు అంటించి పెడితే బోర్డు వేడికి తేమ తక్కువగా చూపిస్తుంది, దిద్దుబాటూ తప్పుతుంది. దాన్ని పైపు మూతి దగ్గరికి వేలాడదీయాలి.

పర్పుల్‌ఎయిర్ అనే మరో రకం దుమ్ము మీటర్ల కోసం అమెరికాలో తయారుచేసిన దిద్దుబాటు సూత్రాన్ని కొందరు దీనికీ వాడుతున్నారు. ఆ మీటర్లలో ఉండేది ప్లాంటవర్ కంపెనీ సెన్సర్, ఎస్‌డీఎస్ కాదు. ఆ సూత్రం ఇక్కడ పనికిరాదు.

రెండో కిట్ ఎందుకంటే, నగరంలో పీఎం 2.5 చాలావరకు ఊరంతా పరుచుకున్న పొర. మీ రోడ్డు దాని మీద కొన్ని మైక్రోగ్రాములు మాత్రమే కలుపుతుంది. ఒక్క మీటరు పెడితే మీరు చూసేది ఊరి పొరనే. ముందుగా రెండు కిట్లనూ ఒకేచోట వారం పాటు నడపండి. ఒకటి సగటున 52, రెండోది 47 చూపిందనుకోండి, రెండోదాన్ని ఎప్పుడూ 1.11తో గుణించాలి. తరువాత ఒకటి రోడ్డు వైపు, ఒకటి ఇంటి వెనక వైపు. గంట గంటకు తేడా తీస్తే ఊరి పొర కొట్టుకుపోయి రోడ్డు మిగులుతుంది. తేమ వల్ల వచ్చే తప్పు కూడా రెండింటిలో దాదాపు సమానంగా ఉండి చాలావరకు రద్దవుతుంది. మ్యాపు మీది రంగుల కంటే ఈ తేడా పట్టికే విలువైనది.

మ్యాపులో ఆ క్షణపు అంకె చూసి గాభరా పడేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. మన దేశపు పరిమితి పీఎం 2.5కు 60 మైక్రోగ్రాములు, అది 24 గంటల సగటుకు. ఏడాది సగటుకు 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చినవి వరుసగా 15, 5. భోగిమంట పక్కన పది నిమిషాలు 300 చూపించినా ఆ రోజు సగటు వేరు.

ఇక పెద్ద లోటు. ట్రాఫిక్‌కు అసలైన గుర్తు నైట్రోజన్ డయాక్సైడ్. రోడ్డు నుంచి వంద, నూటయాభై మీటర్లు లోపలికి వెళ్తే గట్టిగా తగ్గేది అదీ, మసీ. ఈ కిట్ ఆ రెండింటినీ చూడదు. దీనికి ఎంక్యూ 135 అనే చవక సెన్సర్ తగిలించి ‘నైట్రోజన్ కూడా కొలుస్తుంది’ అని అమ్మేవాళ్లను నమ్మవద్దు. అది అమోనియాకూ, ఆల్కహాల్‌కూ, పొగకూ ఒకేలా స్పందిస్తుంది. వీధి స్థాయిలో ఆ వాయువును కొలవడానికి బ్రిటన్‌లో స్థానిక సంస్థలు దీపస్తంభాలకు వేలెడు ప్లాస్టిక్ గొట్టాలు కట్టి, సుమారు నాలుగు వారాల తరువాత ల్యాబుకు పంపుతాయి. నెలకు ఒకే సగటు వస్తుంది, ఏ గంటలో ఎక్కువో తెలియదు. కానీ కరెంటు అక్కర్లేదు, వైఫై అక్కర్లేదు.

తేడా పట్టిక చేతికొచ్చాక దానితో ఏం చేయొచ్చు? తేడా ఎక్కువున్న గంటల్లో రోడ్డు వైపు కిటికీలు మూసి వెనక వైపువి తెరవడం మొదటిది, పైసా ఖర్చు లేనిది. ఇల్లు ఒకవైపే తెరుచుకుంటే తేడా తక్కువున్న మధ్యాహ్నం గాలి మార్చుకోవాలి. చలికాలం తెల్లవారుజామున చల్లగా ఉందని తలుపులు బార్లా తీయడం పొరపాటు, అప్పుడు నేల దగ్గరి గాలి పైకి లేవక పొగ కిందే ఆగుతుంది. స్కూలు గేటు దగ్గర పెడితే వదిలే వేళకు అరగంట ముందు నుంచి ఇంజిన్లు ఆపకుండా నిలబడ్డ ఆటోల, బస్సుల ప్రభావం గంట సగటులో మునిగిపోతుంది. అక్కడ 145 సెకన్ల అసలు రీడింగులే చూడాలి. ఇంజిన్ ఆపించిన వారానికీ ఆపని వారానికీ పోలిక చూపిస్తే యాజమాన్యాన్ని ఒప్పించడం తేలిక. కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదులో మాత్రం ఈ అంకెను నేరుగా రుజువుగా పెట్టకండి. ‘ఇక్కడ కొలవండి’ అని అడగడానికి ఆధారంగా పెట్టండి.

ఇంకాస్త డబ్బు పెట్టగలిగితే ఎస్‌డీఎస్ బదులు సెన్సిరియన్ ఎస్‌పీఎస్ 30 తీసుకోండి. అదే ఫర్మ్‌వేర్‌తో పనిచేస్తుంది, వారానికోసారి ఫ్యానును జోరుగా తిప్పి తనను తానే శుభ్రం చేసుకుంటుంది, నిడివిలోనూ వెడల్పులోనూ చిన్నది కాబట్టి 75 ఎంఎం ఎల్బోలోనే పడుతుంది. దాని కనెక్టరు పళ్లు 1.5 మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి, మామూలు జంపర్ పట్టదు. కేబుల్‌తో కలిపి అమ్మేదే కొనాలి.

ఎస్‌డీఎస్‌తోనే సరిపెట్టుకుంటే ఆరు నెలలకోసారి రెండు కిట్లనూ మళ్లీ మూడు రోజులు పక్కపక్కన నడిపి, పాత 1.11 ఇంకా 1.11గానే ఉందో లేదో చూడండి. 1.3 దాటితే ముందు గొట్టం తీసి రబ్బరు బల్బుతో గాలి ఊదండి. నోటితో ఊదితే తడి లోపలికి పోతుంది. అప్పటికీ దారికి రాకపోతే ఆ సెన్సర్‌ను మార్చేయడమే.