దేవమాలి: ఎక్కింది సైకిలు మీద, దిగింది కాలినడకన

డిసెంబరు మొదటి వారంలో నాలుగు రోజులు సెలవు పెట్టి నేనూ మా బావా ఒడిశాలోని కోరాపుట్ కొండల్లో తిరిగొచ్చాం. నాది ఆ జిల్లాలోని జైపూర్, బావది విశాఖ. తను కిరండూల్ ప్యాసింజర్‌లో వచ్చాడు. విశాఖలోనే అద్దెకు తీసుకున్న గేర్ సైకిలును లగేజీ పెట్టెలో వేయించి తెచ్చాడు. సాలూరు నుంచి సుంకి ఘాట్ మీదుగా తొక్కుకుంటూ రావాలని తనకు ఉండేది, నేనే వద్దన్నాను. అది 26వ నంబరు జాతీయ రహదారి. మలుపు మలుపుకీ లారీలే, పక్కకు తప్పుకునే చోటుండదు.

బుధవారం మధ్యాహ్నం కోరాపుట్‌లో బొలెరో మాట్లాడుకుని సైకిళ్లు పైన కట్టించి దేవమాలి కింద ఒక టెంట్ క్యాంపులో దిగాం. మనిషికి 1,500 అన్నారు, భోజనంతో కలిపి. భోజనం బాగుంది. మిగతావేవీ నచ్చలేదు. మంచుకి టెంటు లోపలి గుడ్డంతా తడిసి నీళ్లు కారింది. పక్క టెంట్లలో దిగిన కుర్రాళ్లు అర్ధరాత్రి దాటినా స్పీకరు ఆపలేదు. చెప్పమని నిర్వాహకుణ్ణి రెండుసార్లు అడిగాను, తల ఊపి వెళ్లిపోయాడు. కొండ దగ్గర నిద్ర కోసం వెళ్లే వాళ్లకు ఇది పనికిరాదు.

తెల్లవారుజామున బయలుదేరాం. దేవమాలి ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం, 1,672 మీటర్లు. పైదాకా రోడ్డుంది కాబట్టి కార్లూ వెళ్తాయి. చిన్న గేరులో మెల్లగా ఎక్కితే ఎక్కగలం గానీ చివర్లో మేమూ దిగి తోసుకుంటూ నడిచాం. పైకి పోయేకొద్దీ చెట్లు తగ్గి గడ్డి మైదానంలా మారుతుంది, గాలి చెవుల్లో హోరెత్తుతుంది. కింద లోయలన్నీ పొగమంచుతో నిండి, కొండల కొనలు మాత్రం దీవుల్లా తేలుతున్నాయి. చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డాం. ఆ గడ్డి మీదే బండ్లు తిప్పిన చక్రాల చారలూ, విసిరేసిన ప్లేట్లూ చూస్తే మాత్రం కడుపు తరుక్కుపోయింది. తిన్న ప్లేటు బండిలో పెట్టి కిందికి తీసుకెళ్లడానికి ఎంత బరువని!

దిగేటప్పుడు మూడో మలుపులో బావ అరిచాడు. వెనక బ్రేకు నొక్కితే పిడి హ్యాండిల్‌కి అంటుకుపోతోంది. కాలు నేలకు రాస్తూ ఎలాగో కల్వర్టు దగ్గర ఆపాడు. వంగి చూశాను. బ్రేకు రబ్బరు మీద గీతలన్నీ చెరిగిపోయి, లోపలి ఇనుము బయటపడి రిమ్ము మీద కొత్త గీత పడింది. వేలు పెడితే చురుక్కుమంది, అంత వేడి. కాలిన రబ్బరు వాసన ఇంకా పోలేదు. అద్దెకిచ్చిన షాపువాళ్లు సర్వీసు చేయించి ఇస్తున్నామన్నారట. బావ చేతులు వణుకుతున్నాయి. "అక్కకి మాత్రం చెప్పకు" అన్నాడు. ఇక దిగినంత మేరా నడకే.

నిజానికి ఈ యాత్రలో నాకు బాగా గుర్తుండేది ఆ నడకే. మేకలు కాసే కుర్రాడొకడు రోడ్డు వదిలేసి అడ్డదారి చూపించాడు. సైకిలు భుజాన వేసుకోవాల్సి వచ్చినా, రెండు పక్కలా వలిసె చేలు పసుపు ఆరబోసినట్టున్నాయి. కొన్ని చోట్ల పూత రాలి కోతకొచ్చింది. కింద ఊళ్లో ఒక పెద్దావిడ అరుగు మీద కూర్చోబెట్టి గిన్నెల్లో మండియా అంబలి, అంటే రాగి అంబలి పోసింది. చల్లగా, కాస్త పులుపుగా, చిక్కగా ఉంది. అక్కడివాళ్లు మాట్లాడే దేశియా భాషలో నాకొచ్చింది నాలుగు ముక్కలే. బావ తెలుగులోనే మాట్లాడినా ఆవిడకు అర్థమైంది. డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆ రాత్రి సెమిలిగుడ లాడ్జిలో ఉన్నాం. గది చిన్నది, పొద్దున కరెంటు పోయి గీజరు పనిచేయలేదు. కానీ దుప్పట్లు శుభ్రం, అద్దె 900. యజమాని తెలుగాయనే. "చలి ఎక్కువ బాబూ" అంటూ అడక్కుండానే ఇంకో రగ్గు తెచ్చిచ్చారు. వేడినీళ్లు వంటింట్లో కాయించి బకెట్లో పంపారు. అందుకే బస విషయంలో నా ఓటు సెమిలిగుడకే. కోరాపుట్‌లో జగన్నాథుడి గుడి, గిరిజన మ్యూజియం ఉన్నాయి గానీ అక్కడ బస చేస్తే రోజూ ఇంకో 20 కిలోమీటర్లు కలుస్తాయి.

శుక్రవారం కుందులి సంత. అల్లం బస్తాలూ, రాగులూ, కూరగాయలూ. దారిలో ఒక సైకిలు మేస్త్రీ కొత్త రబ్బర్లు వేశాడు. వేసి ఊరుకోలేదు. చక్రం ఎత్తి తిప్పి, పిడి నొక్కి, అది గింగిరాలు ఆపి ఠక్కున నిలిచేదాకా నాలుగుసార్లు సరిచేశాడు. తీసుకుంది 80 రూపాయలు. సంతలో 2 కిలోల కాలాజీరా బియ్యం కొన్నాను. కోరాపుట్ కాలాజీరాకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వండితే ఇల్లంతా ఘుమఘుమలే.

శనివారం నందపురం వెళ్లాం. తొక్కడానికి దేవమాలికన్నా ఇదే హాయి. ఎత్తుపల్లాలు ఉన్నా ఊపిరి తీసుకునే వీలుంటుంది. జైపూర్ రాజుల పాత రాజధాని ఇది. ముప్ఫై రెండు మెట్ల సింహాసనం చూసి, రాణీ దుడుమ జలపాతానికి నడిచాం. మాతోపాటు ఉన్నది ఒక్క కుటుంబమే. ఫోను సిగ్నలు చాలా చోట్ల లేదు, డబ్బు చేతిలోనే ఉంచుకోవాలి.

వచ్చే నవంబరుకి, వలిసెలు నిండుగా పూసి ఉన్నప్పుడు మళ్లీ వెళ్దామని బావ అంటున్నాడు. ఈసారి తనకు మా తమ్ముడి సైకిలు ఇస్తాను. దానికి సరిపోయే బ్రేకు రబ్బర్లు రెండు జతలు నిన్ననే కొని సంచిలో పెట్టాను.