మాగ్డెబర్గ్‌లో మాస్టర్స్: ఇల్లు, తిండి, ట్రామ్

జర్మనీలో చదువు అనగానే మనవాళ్ల నోట మ్యూనిక్, బెర్లిన్, ఆహెన్ పేర్లే వస్తాయి. మాగ్డెబర్గ్ అంటే "అదెక్కడ?" అంటారు. నిజానికి ఆ పేరు చాలామందికి స్కూల్లోనే తగిలి ఉంటుంది. లోపలి గాలి తీసేసిన రెండు అర్ధగోళాలను గుర్రాలు చెరోవైపు లాగినా ఊడిరాని ప్రయోగం గుర్తుందా? అది చేసిన ఓట్టో ఫాన్ గ్యూరికే ఈ ఊరి మేయరే. యూనివర్సిటీకి ఆయన పేరే పెట్టారు.

ఊరు ఎల్బే నది ఒడ్డున ఉంటుంది. సాక్సనీ-అన్హాల్ట్ రాష్ట్రానికి రాజధానే అయినా జనాభాలో మన నిజామాబాద్ కన్నా చిన్నది. ఇంగ్లీషులో చెప్పే డేటా అండ్ నాలెడ్జ్ ఇంజినీరింగ్ లాంటి కోర్సుల వల్ల మన పిల్లలు బాగానే చేరుతున్నారు. యూనివర్సిటీప్లాట్జ్ స్టాపులో ట్రామ్ కోసం నిలబడితే వెనక నుంచి తెలుగు వినిపించడం మామూలే. తెలుగు వినిపించగానే ధైర్యం వస్తుంది కానీ, జర్మన్ నేర్చుకోవడం వాయిదా పడేది కూడా అందుకే.

ముందు ఇంటి సంగతి. ఇక్కడ ఏ పని కదలాలన్నా అడ్రసు కాగితం కావాలి. ఇంట్లో దిగిన రెండు వారాల్లో సిటీ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. దానికి ఇంటి ఓనరు సంతకం పెట్టిన పత్రం కావాలి. రిజిస్ట్రేషన్ అయ్యాకే ట్యాక్స్ నంబరు పోస్టులో వస్తుంది, రెసిడెన్స్ పర్మిట్‌కూ అదే ఆధారం. అందుకే హాస్టల్లోనో హోటల్లోనో దిగి నిదానంగా ఇల్లు వెతుక్కుందాంలే అనుకోవద్దు. అలాంటి చోట్ల ఆ పత్రం మామూలుగా ఇవ్వరు. స్టేషన్‌కు దగ్గర్లో యూత్ హాస్టల్ ఉంది. శుభ్రంగా ఉంటుంది, పొద్దున టిఫిన్ కూడా పెడతారు. రెండు మూడు రాత్రులకు బాగుంటుంది, నెలంతా అంటే జేబు చిల్లు.

నా ఓటు విద్యార్థుల వసతి, తిండి చూసుకునే సంస్థ స్టూడెంటెన్‌వెర్క్ నడిపే విద్యార్థి వసతి గృహాలకే. మంచం, బల్ల, అల్మారా గదిలోనే ఉంటాయి. కరెంటు, హీటింగ్, ఇంటర్నెట్ అద్దెలోనే కలిసిపోతాయి. మ్యూనిక్‌లో ఒక గదికి పోసే డబ్బులో దాదాపు సగంతో ఇక్కడ గడిచిపోతుంది. చిక్కల్లా అక్టోబరులో అందరూ ఒక్కసారే వచ్చి పడటం. అడ్మిషన్ మెయిల్ వచ్చిన రోజే గదికి దరఖాస్తు పెట్టేయండి, వీసా వచ్చాక చూద్దామని ఆగొద్దు.

అది దొరక్కపోతే నలుగురు కలిసి ఉండే ఫ్లాట్లో ఒక గది, అంటే వేగే. ఇక్కడ మిమ్మల్ని ఓనరు కన్నా ముందు రూమ్మేట్లు ఇంటర్వ్యూ చేస్తారు. వంట చేస్తావా, రాత్రి ఎన్నింటికి పడుకుంటావు, బాత్రూమ్ కడిగే వంతు పాటిస్తావా అని అడుగుతారు. పెళ్లిచూపుల్లా ఉంటుంది కానీ, జర్మన్ అలవాటు కావాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదు. విడిగా ఫ్లాట్ తీసుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: చాలా ఫ్లాట్లు పూర్తి ఖాళీగా ఇస్తారు, కొన్నిట్లో వంటగది అల్మారాలు, స్టవ్ కూడా ఉండవు. ప్రకటనలో కనిపించే "కాల్ట్" అద్దెలో హీటింగ్, నీళ్ల ఖర్చు కలవదు, "వార్మ్" అద్దె ఎంతో అడగండి. డిపాజిట్ చట్ట ప్రకారం మూడు నెలల కాల్ట్ అద్దెకు మించకూడదు. "నేను వేరే దేశంలో ఉన్నాను, డబ్బు పంపితే తాళం పోస్టులో పంపిస్తా" అనే వాళ్లకు జవాబు కూడా ఇవ్వకండి.

గది చేతికి రాగానే పోస్టు డబ్బా మీద మీ పేరు అంటించండి. బ్యాంకు పిన్, ఇన్సూరెన్స్ కార్డు, ట్యాక్స్ నంబరు అన్నీ ఉత్తరాలుగానే వస్తాయి. పేరు లేకపోతే పోస్టుమ్యాన్ వెనక్కి తీసుకుపోతాడు. చలికాలంలో రోజుకు రెండు మూడు సార్లు కిటికీలు బార్లా తెరిచి ఐదు నిమిషాలు గాలి ఆడనివ్వాలి. చలికి భయపడి మూసుకుని కూర్చుంటే మన వంటల ఆవిరికి గోడకు బూజు పడుతుంది, ఆ ఖర్చు డిపాజిట్‌లో కోస్తారు.

డబ్బు లెక్క చూద్దాం. వీసా కోసం ముందే డబ్బు వేసి, నెలనెలా కొంత మాత్రమే తీసుకోగలిగే బ్లాక్డ్ అకౌంట్లో ఏడాదికి 11,904 యూరోలు వేస్తే నెలకు 992 చేతికొస్తాయి. అందులోంచి హెల్త్ ఇన్సూరెన్స్ ఒక్కటే దాదాపు 140, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే లాగేస్తుంది. రేడియో, టీవీ చూసినా చూడకపోయినా ఇంటికి నెలకు 18.36 కట్టాలి. వేగేలో అయితే అది అందరూ పంచుకోవచ్చు. ఇవన్నీ పోయినా మాగ్డెబర్గ్‌లో నెల గడుస్తుంది. మ్యూనిక్‌లో గడవడం కష్టం. పార్ట్‌టైమ్ విషయంలో మాత్రం చిన్న ఊరి లోటు తెలుస్తుంది. జర్మన్ రాకపోతే షాపుల్లో, కెఫేల్లో పని దొరకడం కష్టం. యూనివర్సిటీలో ప్రొఫెసర్ల దగ్గర, ఫ్రాన్‌హోఫర్, మాక్స్ ప్లాంక్ పరిశోధన సంస్థల్లో విద్యార్థి సహాయకుల పనులుంటాయి, వాటికి పోటీ ఎక్కువ. చట్టం ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేయనిస్తుంది.

తిండికి మధ్యాహ్నం మెన్సాయే, అంటే యూనివర్సిటీ క్యాంటీనే నయం. మూడు నాలుగు యూరోల్లో వేడి భోజనం, శాకాహారం రోజూ ఉంటుంది. ఉప్పూ కారం మాత్రం ఆశించకండి, ఒక సీనియర్ అన్న జేబులో కారం పొడి డబ్బా పెట్టుకునే వస్తాడు. సూపర్ మార్కెట్లో బాస్మతి దొరుకుతుంది. సోనా మసూరి, కందిపప్పు కావాలంటే ఇండియన్ షాపుకే వెళ్లాలి, ధర మండిపోతుంది. పచ్చిమిర్చి, కట్టల కొద్దీ కొత్తిమీర, బెండకాయలు తుర్కిష్ షాపుల్లో చూడండి. అక్కడే దొరికే పది శాతం కొవ్వున్న పెరుగుతో కలిపిన పెరుగన్నం మన ఇంటి రుచికి చాలా దగ్గర. ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ బంద్, కాబట్టి శనివారమే సరుకులు తెచ్చుకోవాలి. ఇండియా నుంచి వచ్చేటప్పుడు గోంగూర పచ్చడి, ఆవకాయ తెచ్చుకోండి. చికెన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా మాత్రం ఇంట్లోనే వదిలి రండి. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి తేనివ్వరు, ఎయిర్‌పోర్టులో పట్టుబడితే అమ్మ కష్టమంతా చెత్తబుట్టలోకే.

ఊళ్లో తిరగడానికి ట్రామ్ చాలు. సెమిస్టర్ ఫీజులో ఏ టికెట్ కలిసి ఉందో ముందే చూసుకోండి, అది ఊరి వరకేనా, దేశమంతా చెల్లుతుందా అన్నదాన్ని బట్టి నెల ఖర్చే మారిపోతుంది. దేశమంతా లోకల్, ప్రాంతీయ రైళ్లలో చెల్లే డాయిచ్‌లాండ్ టికెట్ ఉంటే ఆర్ఇ 1 అనే ప్రాంతీయ రైల్లో గంటా నలభై నిమిషాల్లో బెర్లిన్ చేరొచ్చు. అదే టికెట్‌తో ఐసీఈ అనే హైస్పీడ్ రైలు ఎక్కితే జరిమానా పడుతుంది.

చూడదగ్గవి తక్కువే కానీ నాసిరకం కాదు. 1209లో కట్టడం మొదలైన కేథడ్రల్లో చక్రవర్తి మొదటి ఓట్టో సమాధి ఉంది. లోపలికి టికెట్ లేదు, గంట కూర్చున్నా ఎవరూ లేపరు. ఆస్ట్రియా కళాకారుడు హుండర్ట్‌వాసర్ డిజైన్ చేసిన గులాబీ రంగు భవనం గ్రీన్ సిటాడెల్‌ను బయటి నుంచి చూస్తే చాలు. హాసెల్‌బాఖ్‌ప్లాట్జ్ కుర్రకారు రాత్రుళ్లు కూడే చోటు, ఒక్కసారి చూస్తే సరిపోతుంది. నా మనసు దోచింది మాత్రం నీటి వంతెన. 918 మీటర్ల ఆ వంతెన మీద కాలువ పారుతుంటే కింద ఎల్బే నది పోతూ ఉంటుంది, ఓడలు మన కళ్ల ముందే నదిని పైనుంచి దాటిపోతాయి. 2003లో తెరిచారు. సెకండ్ హ్యాండ్ సైకిల్ ఒకటి కొనుక్కుని నది వెంబడి తొక్కుకుంటూ వెళ్లండి, దారంతా చదునే. ఎల్బావెన్‌పార్క్‌లోని అరవై మీటర్ల చెక్క టవర్ కూడా బాగుంటుంది, లోపల సైన్సు చరిత్రంతా పెట్టారు. చలికాలంలో మూసేస్తారు కాబట్టి దాన్ని వేసవికి పెట్టుకోండి.