కోట్ చేయాలా, రిప్లై ఇవ్వాలా, ఊరికే షేర్ చేయాలా?

సోషల్ మీడియాలో ఖాతా తెరిచి నెలైనా ఫాలోవర్లు పెరగలేదని ఎవరైనా వాపోతే చాలామంది చెప్పే చిట్కా ఒకటుంది. పేరున్నవాళ్ల పోస్టులు తీసుకుని, పైన మన అభిప్రాయం నాలుగు ముక్కలు రాసి పంచుకోమంటారు, అంటే కోట్ చేయమంటారు. నాకు రెండొందల మంది ఫాలోవర్లున్న రోజుల్లో నేనూ అదే పని చేశాను. నా వ్యాఖ్యలు బాగానే ఉండేవని ఇప్పటికీ నా నమ్మకం. చదివినవాళ్లు మాత్రం ఆ రెండొందల మందిలోనే ఓ పాతిక మంది.

కారణం తర్వాత వెలిగింది. కోట్ చేసిన పోస్టు ముందుగా వెళ్లేది మన ఫాలోవర్ల దగ్గరికి. అసలు పోస్టు రాసినవారికి నోటిఫికేషన్ వెళ్తుంది, నిజమే. కానీ వారు దాన్ని చూసి, నచ్చి, మళ్లీ పంచుకుంటే తప్ప వారి లక్షమందికి మనం కనిపించం. రిప్లై సంగతి వేరు. అది వారి పోస్టు కిందే ఉంటుంది, ఆ పోస్టు చదవడానికి వచ్చినవాళ్ల కంట పడుతుంది. కోట్ చేస్తే మనవాళ్లతో మాట్లాడుతున్నట్టు, రిప్లై ఇస్తే వాళ్లవాళ్లతో. మనవాళ్లే లేనప్పుడు ఎవరితో మాట్లాడాలో వేరే చెప్పాలా?

2023లో ట్విట్టర్ (ఇప్పటి ఎక్స్), ఎవరికి ఏ పోస్టు చూపాలో తేల్చే తన సిఫార్సుల కోడ్‌లో కొంత భాగాన్ని బయటపెట్టినప్పుడు ఒక పట్టిక కనబడింది. చూసేవారు పోస్టుకి లైక్ కొట్టే అవకాశానికి 0.5 బరువు, రీట్వీట్‌కి (అంటే ఊరికే షేర్ చేయడానికి) 1, రిప్లైకి 13.5. వచ్చిన రిప్లైని పోస్టు రాసినవారు కూడా పట్టించుకునే అవకాశానికైతే ఏకంగా 75. అవి ఆనాటి అంకెలు, ఈరోజుకి పట్టుకుని వేలాడక్కర్లేదు. ఆ లెక్క చెప్పే విషయం మాత్రం ఆసక్తికరం: కింద వచ్చిన మంచి రిప్లైకి బదులివ్వడం పెద్ద ఖాతాలవాళ్లకీ లాభమే. మనం వాళ్లని విసిగిస్తున్నామేమో అన్న మొహమాటం అక్కర్లేదు, చెప్పేదాంట్లో సరుకుంటే.

సరుకు అంటే ఏమిటి? ఒక పెద్ద ఖాతా ‘రోజుకి 8 గ్లాసుల నీళ్లు తాగాల్సిందే’ అని పెట్టింది. కింద వందల కొద్దీ ‘నిజం’, ‘సూపర్’, దండాల బొమ్మలు. నేను రాసింది ఇది: 1945లో అమెరికాలోని ఒక ఆహార పోషక మండలి పెద్దవాళ్లకి రోజుకి రెండున్నర లీటర్ల నీరు సరిపోతుందంది, ఈ గ్లాసుల లెక్కకి మూలం అదేనంటారు. అయితే అందులో ఎక్కువ భాగం మనం తినే తిండిలోనే ఉంటుందని కూడా ఆ మండలే చెప్పింది, ఆ వాక్యాన్నే అందరూ వదిలేశారు. నాలుగు ముక్కలే. నెలరోజుల కోట్‌లు తేలేని మనుషుల్ని ఆ ఒక్క రిప్లై తెచ్చింది.

రిప్లైకి ఒక లోటుంది, అది చిన్నది కాదు. రిప్లై చదివి మన ప్రొఫైల్‌కి వచ్చినవారికి ముందు కనిపించేది మన పోస్టులు, మన కోట్‌లు. ట్విట్టర్‌లో రిప్లైలు పక్క ట్యాబ్‌లో దాగి ఉంటాయి. గుమ్మం దాకా వచ్చినవాళ్లు ఇల్లు ఖాళీగా ఉంటే వెనక్కి తిరుగుతారు. అందుకే కోట్ పూర్తిగా దండగ అనను, వారానికి రెండు మూడు గట్టివి ఉండాలి. గట్టిదో కాదో తేల్చడానికి నా పరీక్ష ఒకటే. కింది పోస్టుని చేత్తో మూసి పైన మనం రాసింది చదవాలి. అప్పుడూ ఏదో ఒకటి తెలుస్తుంటే అది వ్యాఖ్య. లేదంటే ఉత్త షేర్‌కి ముసుగు.

అలాంటి ముసుగులు ఎన్నుంటాయో 2020లో ట్విట్టరే లెక్క తీసింది. అమెరికా ఎన్నికల ముందు, రీట్వీట్ నొక్కినవాళ్ల ముందుకి వ్యాఖ్య రాసే పెట్టె తెచ్చిపెట్టారు, ఆలోచించి పంచుకుంటారని ఆశ. అదనంగా వచ్చిన కోట్‌లలో 45 శాతంలో ఉన్నవి ఒక్క మాట సమర్థనలు, 70 శాతం 25 అక్షరాలైనా దాటలేదు. రీట్వీట్లూ కోట్‌లూ కలిపి చూస్తే మొత్తం పంచుకోవడం 20 శాతం తగ్గింది. డిసెంబరులో ఆ పెట్టె తీసేశారు.

ఇక ఊరికే షేర్ చేయడం. మంచిని ఏరి ఇచ్చే మనిషని పేరొస్తుంది, రాసినవారికి మేలు జరుగుతుంది. ఫాలో బటన్ మాత్రం జనం వారిదే నొక్కుతారు. చెప్పడానికి ఏమీ లేనప్పుడు ఇదే మర్యాద.

వెక్కిరిస్తూ కోట్ చేయడం గురించి చెప్పకపోతే మోసం చేసినట్టే, ఎందుకంటే అన్నిటికంటే వేగంగా పెంచేది అదే. కాకపోతే వచ్చేవాళ్లు తగువు చూడ్డానికి వస్తారు, రేపు ఇంకో తగువు పెట్టకపోతే పోతారు. పైగా ఎవరిని తప్పుబట్టామో వారి పోస్టునే మన చేతులతో ఊరంతా తిప్పుతాం. ఇలాంటి కోట్‌లతో జనం ఒకరి మీద గుంపుగా పడతారన్న భయంతోనే, ట్విట్టర్ లాంటి మరో వేదిక మాస్టోడాన్ ఏళ్ల తరబడి కోట్ సదుపాయం ఇవ్వలేదు. 2025లో ఇచ్చినప్పుడు కూడా, ఎవరు కోట్ చేయవచ్చో రాసినవారే నిర్ణయించుకునే పద్ధతి పెట్టింది. అలాంటిదే ఇంకో వేదిక బ్లూస్కైలో 2024 నుంచీ మన కోట్‌లోంచి తమ పోస్టుని విడదీసుకునే వీలు రాసినవారికి ఉంది. విడదీస్తే మన వెక్కిరింత ఒక్కటే గాలిలో వేలాడుతుంది. స్క్రీన్‌షాట్‌తో ఆ బాధ తప్పించుకోవచ్చనుకుంటారు. కానీ అసలు పోస్టు అలాగే ఉందో లేదో చదివేవారికి తెలియదు, రాసినవారికి బదులు చెప్పుకునే దారి ఉండదు. అబద్ధపు పోస్టుకి రీచ్ ఇవ్వకుండా ఖండించాలంటే తప్ప నేను దాని జోలికి పోను, అప్పుడు కూడా మామూలు మనుషుల పేర్లు చెరిపేస్తాను.

వీడియోలు దింపుకుని మళ్లీ ఎక్కించడం వేరే కథ. 30 రోజుల్లో పదిసార్లో అంతకు మించో ఇతరుల వీడియోలు పెద్ద మార్పేమీ లేకుండా పెట్టే ఖాతాలని సిఫార్సుల్లోంచి తప్పిస్తామని ఇన్‌స్టాగ్రామ్ 2024లోనే చెప్పేసింది.

వెయ్యి మంది ఫాలోవర్లు చేరేదాకా నేనైతే రోజుకి అయిదారు రిప్లైలు, వారానికి రెండు మూడు కోట్‌లు అంటాను. రిప్లైలలో ఏది నలుగురికీ ఎక్కిందో చూసి దాన్నే సొంత పోస్టుగా విడిగా రాసుకోవాలి. నీళ్ల గ్లాసుల సంగతి అలాగే రాశాను. ఇప్పుడు దాన్ని ఎవరెవరో కోట్ చేస్తున్నారు, సగం మంది పైన రాసింది ‘నిజం’.