కుక్కా పిల్లితో పడవెక్కితే: చెన్నై నుంచి అలెప్పీ దాకా

పడవలోనే కాపురం పెట్టి, కుక్కనీ పిల్లినీ వెంటేసుకుని తీరం వెంబడి ఊరూరా తిరిగే విదేశీ జంటల వీడియోలు మా ఆయన రాత్రిళ్లు తెగ చూస్తారు. మేముండేది చెన్నై పెరంబూరులో. నాది నెల్లూరు, వారిది గూడూరు. ఇంట్లో జున్ను అనే వీధికుక్క ఉంది (వీధి ముఖం మర్చిపోయి ఏళ్లయింది), కాటుక అనే నల్లపిల్లి ఉంది. "సముద్రం పక్కనే ఉంది కదా, మనమూ అలా తిరగొచ్చుగా" అనేది వారి వాదన. సముద్రం పక్కనే ఉంది, నిజమే. పడవ ఆపుకోవడానికి చోటుండాలి కదా!

ఆ వీడియోల్లో వాళ్లు పొద్దుగూకేసరికి ఏ దీవి చాటుకో, ఏ వంపులోకో చేరి లంగరు దించేస్తారు. మన కోరమాండల్ తీరంలో ఆ చాటు దొరకదు. ఒడ్డు సూటిగా సాగిపోతుంది, బంగాళాఖాతం అలలు నేరుగా వచ్చి దాని మీద విరుగుతాయి. హార్బరు కట్టకముందు మద్రాసుకు వచ్చిన ఓడలు దూరంగా సముద్రంలోనే నిలిచిపోయేవి. మనుషుల్నీ సరుకునీ మసూలా పడవల్లో అలలు దాటించి ఒడ్డుకు తెచ్చేవారు. మేకులు కొట్టకుండా కొబ్బరి తాడుతో చెక్కలు కుట్టి చేసిన పడవలవి, అల కొడితే విరక్కుండా కాస్త వంగి లేచేవి. దీనికి తోడు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక తీరం వెంట ఉత్తరానికి కదులుతూ ఉంటుంది. హార్బరు గోడలు ఆ ఇసుకను ఆపబట్టే దక్షిణాన మెరీనా అంత వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు ఒడ్డు కోసుకుపోయింది. కూవం, అడయారు నదుల ముఖద్వారాలు పూడుకుపోతూ ఉండడానికీ అదే కారణం. ఇక మిగిలింది హార్బరు. అందులో 1911 నుంచీ రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ ఉంది, తెరచాప పడవలు నేర్చుకోవాలనుకునేవాళ్లకు మంచి చోటు. కానీ అది పోర్టు లోపల, భద్రత మధ్య ఉన్న వ్యవహారం. కుక్క, పిల్లి, గిన్నెలు సర్దుకుని కాపురానికి దిగే చోటు కాదు.

మన పూర్వీకులకు ఈ సంగతి బాగా తెలుసు కాబట్టే సముద్రం జోలికి పోకుండా దాని వెనక కాలువ పట్టుకుని వచ్చారు. బకింగ్‌హాం కాలువ కాకినాడ నుంచి చెన్నై మీదుగా మరక్కాణం దాకా ఉండేది. ధాత కరువు రోజుల్లో, అంటే 1876-78 మధ్య, కరువు పనుల కింద కొంత భాగం తవ్వించి, అప్పటి గవర్నరు పేరు పెట్టారు. మా వైపు నుంచి బియ్యం, కట్టెలు పడవల్లో బేసిన్ బ్రిడ్జి దాకా వచ్చేవని మా తాతయ్య చెప్పేవారు. ఇప్పుడు నగరంలో ఆ కాలువ మీద ఎంఆర్‌టీఎస్ రైలు స్తంభాలు, కింద మురుగు. ఆ కాలువ బాగుండి ఉంటే ఈ వ్యాసం ఇంకోలా ఉండేది.

కాబట్టి సముద్రాన్ని చూడ్డానికే ఉంచుకుని, ఉప్పుటేర్లూ బ్యాక్‌వాటర్సూ వెతుక్కుంటూ తిరగడం మొదలుపెట్టాం. ఇన్ని చోట్లు చూశాక మా లెక్క ఒకటే: పెంపుడు జంతువులతో వెళ్లేవాళ్లు పడవ ఎంత బాగుందని కాదు, రేవు ఎలా ఉందని చూసుకోవాలి. కుక్క ఎక్కగలదా, మధ్యలో దిగగలదా, దిగితే నీడా నేలా ఉన్నాయా? మిగతా సౌకర్యాలన్నీ దాని తర్వాతే.

మొదట ముట్టుకాడు. ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద, కోవళం క్రీక్ దగ్గర విశాలమైన ఉప్పుటేరు. తొలిసారి వెళ్లేవాళ్లకు ఇంతకంటే దగ్గర్లో తేలికైన నీళ్లు లేవు. ఈ తీరంలో ఒక బోట్ హౌస్ కౌంటర్లో జున్నును చూడగానే టికెట్ ఇచ్చే ఆయన తల అడ్డంగా ఊపేశారు. బతిమాలితే "పిల్లలున్నారమ్మా, భయపడతారు" అన్నారు, అదీ న్యాయమే. ఆ తర్వాత కయాక్‌లూ, నిలబడి తెడ్డు వేసే బోర్డులూ అద్దెకిచ్చే కుర్రాళ్లను పట్టుకున్నాం. వాళ్లు జున్నును చూసి నవ్వి, వెడల్పాటి కయాక్ ఒకటి తెచ్చారు. ఒడ్డున మోకాలి లోతు నీళ్లు, కింద గట్టి ఇసుక. జున్ను ముందుకాళ్లు రెండూ కయాక్ మీద పెట్టి, అది కదలగానే వెనక్కి లాక్కుంది. మళ్లీ పెట్టింది. మా ఆయన లోపల కూర్చుని వేరుశనగ ఉండ చూపిస్తే మూడో కాలు కూడా వచ్చింది. నాలుగో కాలికి నేనే లైఫ్ జాకెట్ వీపు మీదున్న పిడి పట్టుకుని లేపాల్సి వచ్చింది. ఆ పిడి లేని జాకెట్ కొనకండి, ఎంత చవగ్గా వచ్చినా సరే.

ముట్టుకాడులో తెల్లవారగానే దిగి ఎండ ముదరకముందే బయటికి వచ్చేయాలి. ఎండ ఎక్కేకొద్దీ సముద్రపు గాలి లేస్తుంది, తిరుగుప్రయాణంలో ఎదురుగాలికి తెడ్డు వేయలేక భుజాలు పడిపోతాయి. పైగా ప్లాస్టిక్ అడుగు కాలి కుక్క పాదాలు చుర్రుమంటాయి. తడి గోనెపట్టా పరిస్తే సరిపోతుంది.

పక్కనే ఉన్న కోవళం బీచ్ గురించి అందరూ మెచ్చుకుంటారు. శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన భాగం శుభ్రంగానే ఉంటుంది. నా భయం వలలు దులిపే ఒడ్ల గురించి, అది ఏ ఊరిదైనా. అమ్మకానికి పనికిరానివన్నీ వలలోంచి ఇసుకలో పడేస్తారు. వాటిలో సముద్రపు పాములుండొచ్చు, ముట్టుకుంటే ఉబ్బే పఫర్ చేపలుండొచ్చు. ఆ చేప నోట్లో వేసుకుంటే కుక్క ప్రాణానికే ముప్పు. తెగిన గాలాలు సరేసరి. జున్నుకు ఎండుచేపల వాసన అంటే పరమ ప్రీతి కాబట్టి అలాంటి చోట గొలుసు వదలం.

ఈసీఆర్ మీద బసల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, అందరూ అక్కడే బోల్తా పడతారు. "పెట్ ఫ్రెండ్లీ" అని రాసి ఉన్నంత మాత్రాన గదిలోకి రానిస్తారని కాదు. మేం వెళ్లిన ఒక చోట కుక్కకు అదనంగా డబ్బు తీసుకుని, తీరా వెళ్లాక కార్ షెడ్ పక్కన ఇనుప బోను చూపించారు. మరో చోట కుక్కకు సరేనన్నారు, బుట్టలో కాటుక కళ్లు చూడగానే ఓనరమ్మ మొహం మారిపోయింది. నల్లపిల్లి ఎదురొస్తేనే వెనక్కి తిరిగే మనుషులకు అది ఇంట్లోకి వస్తే ఎలా ఉంటుంది చెప్పండి! ఇప్పుడు బుక్ చేసేముందు ఫోన్లోనే అడిగేస్తాం: గదిలో పడుకోనిస్తారా, మేం తినడానికి వెళ్తే ఒంటరిగా ఉంచొచ్చా, కాంపౌండ్‌లో వేరే కుక్కలున్నాయా, పిల్లి అయినా ఫర్వాలేదా. జవాబులు వాట్సాప్‌లో రాయించుకుంటాం. డబ్బు కాస్త ఎక్కువైనా, గోడ చుట్టూ ఉన్న చిన్న ఇల్లు మొత్తంగా తీసుకోవడం మేలు. బీచ్ పక్కన ఊరకుక్కలు మూకలుగా ఉంటాయి, వాటి హద్దులోకి కొత్త కుక్క వస్తే ఊరుకోవు.

పిచ్చావరం గురించి రెండే ముక్కలు. చిదంబరం దగ్గరి మడ అడవులు, అందంలో వంక పెట్టలేం. తెడ్డు పడవ సన్నని పాయల్లోకి వెళ్తే పైన కొమ్మలు కలుసుకుంటాయి, పక్కన వేళ్లు నీళ్లలోకి దిగి ఉంటాయి. 2004 సునామీ రోజున ఈ చెట్లే వెనకున్న పల్లెలకు అడ్డం నిలిచాయి. కానీ కాలు పెట్టడానికి నేల లేదు, అంతా బురదే. జంతువుల్ని ఇంట్లో వదిలి మీరిద్దరే వెళ్లండి.

పులికాట్ విషయంలో నాది కాస్త పక్షపాతం. చెన్నైకి 60 కిలోమీటర్ల లోపే, సరస్సులో ఎక్కువ భాగం మన ఆంధ్రలోనే ఉంది. పళవేర్కాడు (పులికాట్‌కు తమిళ పేరు) ఊళ్లో డచ్చివాళ్ల సమాధుల తోట గేటుకు అటూ ఇటూ చెక్కిన అస్థిపంజరాలను చూసి జున్ను మొరిగింది కూడా. రేవు దగ్గర ఒక పెద్దాయన, నేను తెలుగులో మాట్లాడేసరికి, "మీది ఏ ఊరమ్మా?" అంటూ కూర్చోబెట్టి 'పాడు' అనే పద్ధతి చెప్పారు. ఎవరు ఏ రోజు ఎక్కడ వల వేయాలో వంతులవారీగా పంచుకునే పాత కట్టుబాటు. రాకెట్ ఎగిరే రోజు శ్రీహరికోట చుట్టుపక్కల సముద్రంలోకి వెళ్లనివ్వరని, ఆ రోజు సంపాదన పోయినట్టేనని కూడా అన్నారు. అయినా ఇక్కడ పెంపుడు జంతువులతో పడవ వద్దు. ఇది పక్షుల అభయారణ్యం. చలికాలంలో ఫ్లెమింగోలు దిగినప్పుడు ఒక్క కుక్క మొరిగితే గుంపంతా లేచిపోతుంది. అదీకాక 2011 క్రిస్మస్ రోజున విహారపడవ మునిగి 22 మంది పోయిన నీళ్లు ఇవి. ఎవరైనా ఒడ్డున నిలబడి "రండి సార్, తిప్పుతాం" అంటే, లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కకండి అని కూడా అనను, అసలు ఎక్కొద్దంటాను. గోదావరిలో కచ్చులూరు పడవ ప్రమాదం చూశాక కూడా మనవాళ్లు జాకెట్ అంటే బరువనుకోవడం నాకు అర్థం కాదు. మాకు పులికాట్ అంటే ఒడ్డున నడక, ఎండ్రకాయల వేపుడు, ఇంటికి తిరుగు దారి.

పడవలో పగలూ రాత్రీ గడపాలన్న మా ఆయన ముచ్చట తీరింది కేరళలోని అలెప్పీలో. చెన్నై నుంచి దాదాపు 700 కిలోమీటర్లు. రైల్లో కుక్కను మనతో ఉంచుకోవాలంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మన చేతికి రావాలి, ఆ టెన్షన్ పడలేక కార్లోనే వెళ్లాం. కోయంబత్తూరులో రాత్రి ఆగాం.

హౌస్‌బోట్లు ఒకప్పుడు వడ్లు మోసిన కెట్టువళ్లాలు, ఇప్పుడు పడగ్గదులూ బాత్రూములూ పెట్టారు. ఒక గది ఉన్న బోటు మొత్తం మనదే కాబట్టి కుక్కా పిల్లీ ఉన్నా చాలామంది కాదనరు. మధ్యాహ్నం పన్నెండుకు ఎక్కిస్తారు, మర్నాడు తొమ్మిదికి దింపేస్తారు. సాయంత్రం అయిదున్నర ప్రాంతంలో ఒడ్డుకు కట్టేస్తారు, ఆ తర్వాత నీళ్లు వలలు వేసేవాళ్లవి. అంటే వేంబనాడు సరస్సు మీద నిజంగా తిరిగేది కొద్ది గంటలే. బడ్జెట్ బోట్లలో ఏసీ రాత్రి తొమ్మిది తర్వాతే వేస్తారు, పగటి ఉక్కలో బొచ్చున్న జంతువుకు అది చాలా కష్టం. ఇవన్నీ ముందే అడిగి తెలుసుకోండి.

మాకొచ్చిన చిక్కు వేరే. జున్ను బోటులో ఒంటికి వెళ్లనంటుంది. ఎక్కినప్పటి నుంచీ బిగబట్టుకుని, డెక్కు మీద ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూనే ఉంది. మా సరంగు పెద్దమనిషి, చూసి ఊరుకోలేదు. గుర్రపుడెక్క తప్పించుకుంటూ ఒక పొలం గట్టుకు బోటు ఆనించి, పలక వేశాడు. దిగీ దిగగానే పాపం కాలు ఎత్తేసింది! ఆ తర్వాత ఇంటి గుమ్మం ముందున్న పాత కొబ్బరిపీచు పట్టాను తీసుకెళ్లడం అలవాటు చేసుకున్నాం, దాని వాసన పడితే బోటులోనైనా పని కానిస్తుంది. కాటుకకు ఏ ఇబ్బందీ లేదు. తట్టలో ఇసుక పోస్తే చాలు. వంటాయన కరిమీన్ చేప వేయిస్తుంటే మాత్రం బుట్ట లోపలి నుంచి అది పెట్టిన రాగానికి పక్క బోటువాళ్లు కూడా తొంగిచూశారు.

ఇంత చేసి నా తీర్పు: జంతువులతో హౌస్‌బోటు కంటే కాలువ గట్టున హోంస్టే, పొద్దున్నా సాయంత్రం శికారా. ఆ ఇళ్లకు సొంత మెట్లు నీళ్లలోకి ఉంటాయి, జున్ను తనంతట తానే ఎక్కి దిగింది. పైకప్పు ఉన్న చిన్న పడవ శికారా. హౌస్‌బోటు దూరలేని సన్నటి కాలువల్లోకి వెళ్తుంది, జనరేటరు మోత ఉండదు, ఖర్చు కూడా తక్కువ. మా ఆయన మాత్రం నీళ్ల మీద నిద్రపోతేనే పడవ ప్రయాణం అంటారు. సరే, ఒక్క రాత్రి హౌస్‌బోటు, మిగతా రోజులు గట్టు మీద అని రాజీ కుదిరింది.

వెళ్లేవాళ్లు రేబిస్ టీకా కార్డు దగ్గరుంచుకోండి, బసల్లో అడుగుతారు. బ్యాక్‌వాటర్స్‌లో ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ వచ్చే ప్రమాదం ఉంది, కుక్కకు ఆ టీకా పడిందో లేదో డాక్టరును అడగండి. ఉప్పునీళ్లు తాగనివ్వొద్దు, వాంతులు పట్టుకుంటాయి. మంచినీళ్లు మనకంటే దానికే ఎక్కువ మోయండి. పైకి రాగానే ఒళ్లంతా మంచినీళ్లతో కడిగి, చెవులు తుడిచి ఆరబెట్టాలి. చెన్నై వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, కేరళ వైపు జూన్ నుంచి ఆగస్టు దాకా పెట్టుకోకండి. మేం వచ్చే ఫిబ్రవరిలో మళ్లీ అలెప్పీయే అనుకుంటున్నాం. ఈసారి కాటుక గూడూరులో మా అత్తగారి దగ్గర ఉంటుంది. ఆవిడకు పిల్లంటే ముద్దు, పిల్లికి ఆవిడ వేసే మెత్తళ్లంటే ముద్దు.