ఉస్మానియా యూనివర్సిటీ: నల్లగొండ, పాలమూరు నుంచి పీజీకి పోయేవాళ్ల కోసం నా రివ్యూ

సీపీగెట్ (పీజీ సీట్ల ఉమ్మడి ఎంట్రన్స్) ర్యాంకులు రాగానే మా నల్లగొండలో పిల్లలకూ తల్లిదండ్రులకూ ఒకటే టెన్షన్. వెబ్ ఆప్షన్లలో ముందు ఉస్మానియా పెట్టాలా, ఊరికి దగ్గరున్న మహాత్మాగాంధీ యూనివర్సిటీ పెట్టాలా? ఉస్మానియాలో చదివిన మనిషిగా సూటిగా చెప్తా. కోరుకున్న సబ్జెక్టులో, క్యాంపస్ కాలేజీలో సీటు వస్తే అక్కడికే పొండి. 5కి 4 ఇస్తున్నా.

ఆర్ట్స్ కాలేజీ భవనం గురించి కొత్తగా చెప్పేదేం లేదు. బెల్జియం ఆర్కిటెక్ట్ జాస్పర్ గీసిన ప్లాను, 1934లో పునాది, 1939 డిసెంబర్‌లో ప్రారంభం. ఫొటో దిగండి, కానీ దాన్ని చూసి సీటు తీసుకోకండి.

నాకు ఈ యూనివర్సిటీ మీద గౌరవం కలిగింది దాని భాష కథ తెలిసినప్పుడు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1917లో ఫర్మానా ఇచ్చి 1918లో దీన్ని పెట్టినప్పుడు, దేశంలోని మిగతా యూనివర్సిటీలు దాదాపు అన్నీ ఇంగ్లీషులో పాఠాలు చెప్తుంటే ఇక్కడ ఉర్దూలో మొదలుపెట్టారు. మాటవరసకు కాదు, దానికోసం ఒక అనువాద శాఖనే పెట్టి పుస్తకాలు తయారుచేయించారు, సైన్సు, న్యాయశాస్త్రం, చివరికి డాక్టరు చదువు, ఇంజనీరింగు కూడా ఉర్దూలోనే చెప్పారు. మన దేశ భాషలో ఇంత పెద్ద చదువు చెప్పొచ్చని చేసి చూపించిన చోటు ఇది. కానీ మా జిల్లాల్లో ఇంట్లో మాట్లాడేది తెలుగు కదా, కాబట్టి మన తాతల తరానికి ఆ గేటు దాటాలంటే ముందు ఉర్దూ రావాలి. 1948 తర్వాత ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. తెలుగు శాఖలో రాయప్రోలు సుబ్బారావు లాంటి వారు ఆచార్యులుగా పనిచేశారు గానీ, ఉర్దూ కోసం పడ్డ అంత కష్టం పీజీలో తెలుగులో సైన్సు చెప్పడానికి పడలేదు. తెలుగు మీడియంలో చదివి అచ్చంపేట నుంచో దేవరకొండ నుంచో ఎమ్మెస్సీకి వచ్చిన పిల్ల మొదటి సెమిస్టర్‌లో పడే అవస్థ చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. తగ్గించిన ఆ మార్కులో సగం దీనికే.

మిగతా సగం ఖాళీ పోస్టులకు. చాలా శాఖల్లో పర్మనెంట్ అధ్యాపకుల పోస్టులు ఏళ్ల తరబడి నింపలేదు. పరిశోధనలో ఈ యూనివర్సిటీకి చిన్న పేరేం కాదు. ఇబ్రహీంపట్నం దగ్గర రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టారు, 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచే పరిశీలించారు. అంతటి చరిత్ర ఉన్నచోట గైడు దొరక్క పీహెచ్‌డీ ఆగడం బాధగా ఉంటుంది. అందుకే పీహెచ్‌డీకి పోయేవాళ్లు యూనివర్సిటీ పేరు చూడకండి, మీ అంశంలో పనిచేస్తున్న ప్రొఫెసర్ ఉన్నారా, వాళ్ల రిటైర్మెంట్ ఎప్పుడు, అది కనుక్కోండి.

ఇక తల్లిదండ్రుల భయం: "అక్కడ ఎప్పుడూ గొడవలే కదా." 1938లో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను వెళ్లగొట్టారు, పీవీ నరసింహారావు చదువు కోసం నాగపూర్ పోయింది అందుకే. 1969 తెలంగాణ ఉద్యమం, 2009 తెలంగాణ ఉద్యమం, రెండూ ఈ క్యాంపస్‌లో రగిలినవే. అప్పటి పాలమూరు జిల్లా మాడ్గుల నుంచి వచ్చిన, తర్వాత కేంద్ర మంత్రి అయిన జైపాల్ రెడ్డి ఇక్కడే విద్యార్థి నాయకుడయ్యారు. దాన్ని నేను లోపంగా లెక్కపెట్టను. హాస్టల్‌లో రాత్రి పన్నెండింటిదాకా సాగే వాదనల్లో మా పల్లె పిల్లలు నోరు తెరవడం నేర్చుకుంటారు, అది క్లాసులో రాదు. మెయిన్ లైబ్రరీ కూడా వదలకండి. తాళపత్రాల దాకా ఉన్నాయక్కడ, కాకపోతే రీడింగ్ హాల్లో గ్రూప్స్‌కు చదివేవాళ్లతో సీటు దొరకాలంటే పొద్దున్నే పోవాలి.

ఇల్లు వదిలి ఉండలేని పరిస్థితి ఉంటే అన్నెపర్తిలోని మహాత్మాగాంధీ (2007), మహబూబ్‌నగర్‌లోని పాలమూరు (2008) యూనివర్సిటీలను తక్కువగా చూడకండి. రెండూ ఉస్మానియా పీజీ సెంటర్ల నుంచి ఎదిగినవే. ఒకటి మాత్రం జాగ్రత్త, ఆప్షన్ల జాబితాలో ఉస్మానియా కింద ప్రైవేటు అనుబంధ కాలేజీలు కూడా కనిపిస్తాయి, వాటిలో సీటు వస్తే నేను పైన చెప్పిన హాస్టలూ లైబ్రరీ వాతావరణమూ మీకు దొరకవు. పాలమూరు వాళ్లయితే కాచిగూడ దాకా రైల్లో వచ్చి ఎంఎంటీఎస్ ఎక్కండి, జామై ఉస్మానియా అని స్టేషనే ఉంది.