టూరింగ్ బైకుకి చైన్ సెట్ కొంటున్నారా? బాక్సు మీద రాత చూసి డబ్బు కట్టకండి

దూర ప్రయాణాలకి పెద్ద బైకు వాడేవాళ్ళు, ముఖ్యంగా చైన్ సెట్ (చైన్, దాంతో పాటు ముందూ వెనకా ఉండే పళ్ళ చక్రాలు, అంటే స్ప్రాకెట్లు) మార్చే టైం దగ్గరపడినవాళ్ళు, ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి. నేను కొన్న కిట్ బాక్సు మీద ఎక్స్-రింగ్ సీల్డ్ చైన్ (లింకుల్లో ఎక్స్ ఆకారపు రబ్బరు రింగులు ఉండేది) అని పెద్ద అక్షరాలతో ఉంది. కంపెనీ చైన్‌కి ఏమాత్రం తీసిపోదని అమ్మినాయన గట్టిగా చెప్పాడు. బైకుతో పాటు వచ్చిన చైన్ ఇరవై వేల కిలోమీటర్లు దాటి నడిచింది. ఇది అందులో నాలుగో వంతు కూడా లాగలేదు. అదే బైకు, అదే లగేజీ, అదే మనిషి, చైన్‌కి వేసే గేర్ ఆయిల్ కూడా అదే.

మొదట తెలిసింది కుదుపు. తక్కువ స్పీడులో యాక్సిలరేటర్ వదిలి మళ్ళీ ఇస్తే టక్కుమని ఒక దెబ్బ. వెనక చక్రం హబ్‌లో కుదుపు ఆపే రబ్బర్లు పోయాయేమో అనుకుని చూపిస్తే అవి బాగానే ఉన్నాయి. తర్వాత చైన్ ఎన్నిసార్లు సరిచేసినా కొద్ది రోజులకే లూజ్. సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం చేత్తో తిప్పితే చైన్ ఒకచోట బిగుసుకుంటోంది, ఇంకోచోట వేలాడుతోంది. గుడ్డతో తుడిచి టార్చ్ వేసి చూశాను. కొన్ని లింకుల సందుల్లో ఇటుక పొడి లాంటి ఎర్రటి దుమ్ము. ఆ లింకుల్ని వేలితో వంచితే వంగినచోటే ఉండిపోతున్నాయి, తిరిగి సాఫీగా రావడం లేదు.

ఆ ఎర్ర పొడి అసలు విషయం చెప్పేస్తుంది. సీల్డ్ చైన్‌లో లింకుల్ని కలిపే పిన్నుకీ, దాని చుట్టూ గొట్టంలా ఉండే బుష్‌కీ మధ్య ఫ్యాక్టరీలోనే గ్రీజు నింపి, రెండు పక్కలా రబ్బరు రింగులతో మూసేస్తారు. మనం పైన కొట్టే లూబ్ ఆ లోపలికి పోదు. రోలర్లకి, స్ప్రాకెట్ పళ్ళకి, పైన తుప్పు పట్టకుండా, రింగులు ఎండకుండా అది కావాలి, అంతవరకే. రింగు పోయిందంటే గ్రీజు బయటికొస్తుంది, నీళ్ళూ ఇసుకా లోపలికి వెళ్తాయి, పిన్నూ బుష్షూ రాసుకుని అరిగిపోతాయి. అప్పుడు డబ్బాలకి డబ్బాలు లూబ్ కొట్టినా ఆ లింకు బాగుపడదు.

బాగా బిగుసుకున్న ఒక లింకుని మెకానిక్ చేత విప్పించాను. ఎక్స్-రింగుని అడ్డంగా కోస్తే నాలుగు అంచులు కనిపించాలి. ఇందులోంచి వచ్చింది మామూలు గుండ్రటి రింగు. అదీ గోటితో నొక్కితే వంగకుండా పుటుక్కున విరిగింది. బాక్సు మీద రాసింది ఒకటి, లోపల పెట్టింది ఇంకొకటి.

అమ్మినాయన దగ్గరికి తీసుకెళ్తే వచ్చిన సమాధానం మీరూ ఊహించగలరు. చైన్ అరిగే వస్తువు, దానికి వారంటీ లేదు, మీరు బాగా తిరుగుతారు, లగేజీ ఎక్కువ, ఆయిల్ సరిగా వేసి ఉండరు. టూరింగ్ బైకు మీద తిరగడం తప్పెలా అవుతుంది? అందుకే స్కేలు పెట్టి కొలిచి చూపించాను. ఈ కొలత అందరూ నేర్చుకోవాలి. 520, 525, 530 సైజుల్లో ఏ చైన్ అయినా ఒక పిన్ను మధ్య నుంచి పక్క పిన్ను మధ్యకి 15.875 మిల్లీమీటర్లు. చైన్‌ని బిగువుగా లాగి పట్టి, ఒక పిన్ను దగ్గర మొదలుపెట్టి 21వ పిన్ను వరకు కొలిస్తే కొత్త చైన్‌లో 317.5 రావాలి. ఎంత దాటితే మార్చాలో మీ బైకు మాన్యువల్‌లో ఉంటుంది. కొన్నిటిలో 319 చిల్లర, కొన్నిటిలో 323. నా చైన్ ఒకచోట 318 చూపిస్తే ఇంకోచోట 322 దాటింది. ఒకే చైన్, ఒకే ఆయిల్, ఒకే బరువు. నా వాడకమే కారణమైతే అరుగుదల అంతటా దాదాపు ఒకేలా ఉండాలి కదా? దీనికి ఆయన దగ్గర జవాబు లేదు, డబ్బు మాత్రం వెనక్కి ఇవ్వలేదు.

ఒక మాట కూడా చెప్పాలి. పెట్రోలుతో కడిగినా, ఇనుప బ్రష్‌తో రుద్దినా, ప్రెషర్ వాషర్‌ని దగ్గరగా పెట్టి కొట్టినా మంచి చైన్ రింగులు కూడా దెబ్బతింటాయి. కిరోసిన్, మెత్తటి బ్రష్, పొడి గుడ్డ చాలు. అమ్మేవాళ్ళకి ఆ సాకు దొరకనివ్వకండి.

స్ప్రాకెట్లదీ ఇదే కథ. ముందు 15 పళ్ళు, వెనక 45 ఉంటే ముందు పన్ను ప్రతి ఒక్కటీ మూడింతలు పని చేస్తుంది కాబట్టి అది ముందు అరగడం మామూలే. కానీ ఈ కిట్‌లో ముందు స్ప్రాకెట్ పళ్ళు ఇంత తక్కువ దూరానికే ఒక పక్కకి కొక్కేల్లా వంగాయి. అంటే లోహం మెత్తది. వెనకది స్టీల్ అని చెప్పి అమ్మితే అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకోకపోతే అల్యూమినియం. రేసుకి అల్యూమినియం సరే, లగేజీతో వేల కిలోమీటర్లు తిరిగేవాళ్ళకి వద్దు. ఇక చైన్ కలిపే లింకు. పెద్ద ఇంజన్ బైకుకి రివెట్ లింకు (పిన్ను కొసలు నొక్కి శాశ్వతంగా బిగించేది) కావాలి. నాకు వచ్చిన కిట్‌లో చిన్న క్లిప్పుతో పట్టి ఉంచే క్లిప్ లింకు ఉంటే దాన్ని పక్కన పడేసి వేరే కొనాల్సి వచ్చింది. ఆ రోజే అనుమానం మొదలైంది.

బిగించినవాళ్ళ సంగతి ఇంకా ఘోరం, దీని గురించే నాకు ఎక్కువ కోపం. చిన్న బైకుకి పెట్టినట్టే చైన్ టైట్‌గా పెట్టారు. టూరింగ్ బైకులకి సస్పెన్షన్ ఎక్కువ దిగుతుంది. మనిషి ఎక్కి, పెట్టెలు తగిలించి, గుంతలో పడినప్పుడు ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) కదిలే పివట్, వెనక యాక్సిల్ మూడూ ఒకే గీత మీదికి వస్తాయి. చైన్ అన్నిటికంటే బిగుసుకునేది అక్కడే. స్టాండ్ మీద చక్కగా కనిపించిన చైన్ అక్కడ తీగలా లాగుతుంది, ఆ భారమంతా ముందు స్ప్రాకెట్‌ని తిప్పే గేర్‌బాక్స్ అవుట్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ మీద పడుతుంది. నేను ముందు స్ప్రాకెట్ కవర్ విప్పేసరికి ఆయిల్ సీల్ చుట్టూ తడి కనిపించింది. సీల్‌తో పోయింది కాబట్టి సరిపోయింది. బేరింగే పోతే చాలా బైకుల్లో ఇంజన్ కేస్ విప్పాలి, ఆ ఖర్చు ముందు చైన్ సెట్ ధర లెక్కలోకే రాదు. ఎంత లూజ్ ఉండాలో స్వింగ్ ఆర్మ్ మీద స్టిక్కర్‌లోనో, మాన్యువల్‌లోనో రాసి ఉంటుంది. ఏ స్టాండ్ మీద కొలవాలో కూడా ఉంటుంది, అది బైకుని బట్టి మారుతుంది. మెకానిక్ ముందు నిలబడి, చక్రం తిప్పుతూ, చైన్ బాగా బిగుతుగా ఉన్నచోట కొలిపించండి.

తెగిన చైన్ వెనక చక్రాన్ని పట్టేయగలదు, ఇంజన్ కేస్‌ని పగలగొట్టగలదు. వెనక ఇంకో మనిషిని కూర్చోబెట్టుకుని హైవే మీద వెళ్ళేటప్పుడు అలా జరిగితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

కిట్ ఇప్పటికే కొనేసి ఉంటే, బిగించే ముందే 21 పిన్నుల కొలత తీసి ఫోటో పెట్టుకోండి. బిల్లు మీద చైన్ రకం, బిగించిన రోజు మీటర్ రీడింగ్ రాయించుకోండి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు ఇంటికి దగ్గర్లోనే తిరిగి మళ్ళీ కొలవండి. ఎర్ర పొడి ఒక్క లింకులో కనిపించినా ట్రిప్పు వాయిదా వేయండి. విప్పిన పాత భాగాల్ని షాపులో వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోండి. రాతపూర్వకంగా ఫిర్యాదు చేసినప్పుడు నా దగ్గర చూపించడానికి ఉన్నవి ఆ విరిగిన రింగు, ఆ రెండు కొలతల ఫోటోలే.