షార్లమేన్ చరిత్ర: అనువాదమా, లాటిన్ మూలమా?

మధ్యయుగ ఐరోపా మీద పనిచేసేవారికి పైసా ఖర్చు లేకుండా ఆన్‌లైన్‌లో దొరికే పెద్ద నిధులలో రెండు ఇవి: అమెరికాలోని ఫోర్డ్‌హామ్ విశ్వవిద్యాలయంలో 1996లో మొదలైన ఇంటర్నెట్ మిడీవల్ సోర్స్‌బుక్ (ఆ కాలపు రచనల ఇంగ్లీషు అనువాదాల సంకలనం), జర్మనీలో 1819లో పుట్టిన మొనుమెంటా గెర్మానియే హిస్టోరికా సంస్థ డిజిటల్ సంపుటాలు (ఆ కాలపు మూల రచనల పరిష్కృత ముద్రణలు).

పశ్చిమ ఐరోపాను ఏలిన చక్రవర్తి షార్లమేన్ గురించి ఆయన ఆస్థానంలోని ఐన్‌హార్డ్ రాసిన జీవితచరిత్రనే తీసుకోండి. సోర్స్‌బుక్‌లో దాని 1880 నాటి ఇంగ్లీషు అనువాదం ఉంది. అంతటి చక్రవర్తి పలకలను తలగడ కింద పెట్టుకుని, తీరిక దొరికినప్పుడల్లా అక్షరాలు దిద్దేవాడట! ఆలస్యంగా మొదలుపెట్టడం వల్ల రాత అబ్బలేదని 25వ అధ్యాయం చెబుతుంది. చదవడం సులువే. అయితే అక్కడి అనువాదాల్లో చాలావరకు కాపీరైటు తీరిన పాతవే, ఇంగ్లీషూ ఆ కాలానిదే.

మొనుమెంటాలోని 1911 ముద్రణ తెరిస్తే లోకం మారిపోతుంది. పైన లాటిన్ మూలం. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో రాతప్రతుల పాఠాంతరాలు, అంటే ఒక్కో ప్రతిలో మాటలు ఎలా మారాయో. రోమన్ చక్రవర్తుల జీవితచరిత్రలు రాసిన సూటోనియస్ దగ్గర ఐన్‌హార్డ్ అరువు తెచ్చుకున్న మాటలూ అక్కడే పట్టుబడతాయి. వాటిని చూడకుండా షార్లమేన్ గుణగణాలను ఐన్‌హార్డ్ మాటగా నమ్మేయడం ప్రమాదం. కాకపోతే పీఠిక కూడా లాటిన్‌లోనే! కొత్తవారికి చుక్కలు కనిపిస్తాయి.

వ్యాసానికైతే సోర్స్‌బుక్ చాలు. సిద్ధాంత గ్రంథంలో మాత్రం మొనుమెంటానే ఉటంకించాలి, ఇందులో నాకు రెండో మాట లేదు. అధ్యాయాల సంఖ్యలు రెండింటిలో ఒకటే కనుక పక్కపక్కన తెరిచి చదువుకోవచ్చు.